మామ మోటారు షాపు ఫోనులో దొరకాలి: ఇందుకూరుపేట ప్రాజెక్టు డైరీ

జూన్ 2025, ఆఖరి వారం

మా మామది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేటలో మోటార్ల వైండింగ్ షాపు, కాలిన మోటారుకు రాగి తీగ కొత్తగా చుట్టి బాగుచేస్తాడు. ఇళ్ల మోటార్లు, బోరు మోటార్లు వస్తాయి గానీ షాపు నడిచేది రొయ్యల గుంటల మీదే. ఏరియేటర్ (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటారు కాలిందంటే గంగపట్నం, మైపాడు, కొరుటూరు వైపు పాత రైతులు ఇంకో ఆలోచన లేకుండా ఇక్కడికే తెస్తారు. ఇబ్బందంతా కొత్తవాళ్లతోనే. గుంటలు కౌలుకు తీసుకుని వేరే ఊళ్లనుంచి వచ్చినవాళ్లకీ, గట్టు మీద షెడ్డులో ఉండి కాపలా కాసే కుర్రాళ్లకీ మామ పేరు తెలియదు. వాళ్లు ఫోను తీసి వెతుకుతారు. వెతికితే నెల్లూరు టౌనులో షాపులు వస్తాయి. మోటారు ఆటోలో వేసుకుని టౌనుకు పోయి రావడానికి సగం రోజు పోతుంది. ఆ సగం రోజూ గుంటలో రొయ్యకు గాలి తక్కువ.

నిన్న సాయంత్రం మైపాడు రోడ్డులో ఒక గుంట గట్టున నిలబడి నేనే వెతికి చూశాను. 'ఏరియేటర్ మోటార్ రిపేర్' అని తెలుగులో అడిగితే ఒక రకంగా వచ్చాయి, అదే ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఇంకో రకంగా వచ్చాయి. రెండిట్లోనూ మామ షాపు లేదు. షాపు పేరు పెట్టి వెతికితే మాత్రం మ్యాపులో ఒక గుర్తు కనబడింది. ఎవరో ఎప్పుడో పెట్టింది. ఫోను నంబరు లేదు, టైమింగ్స్ లేవు, ఒక్క ఫోటో లేదు. పైగా ఆ గుర్తు షాపు మీద లేదు, కాలవ అవతల పొలంలో ఉంది. దాన్ని నమ్ముకుని బండి మీద మోటారు వేసుకొచ్చినవాడు కాలవ గట్టున ఆగిపోవాల్సిందే.

నేను పెట్టుకున్న గురి ఇది. గంటలో మోటారు తేగలిగినంత దూరంలో ఉన్న రైతు ఎవరైనా సరే, మోటారు ఆగిన నిమిషంలో ఫోను తీస్తే మామ నంబరు కనబడాలి. నొక్కితే మోగాలి. మోగితే మనిషి పలకాలి. ఫాలోవర్ల లెక్క ఈ ప్రాజెక్టులో పెట్టుకోలేదు.

మొదటి పని కౌంటరు మీదే మొదలైంది. మోటారు దించుకున్నప్పుడు రాసే పుస్తకం ఒకటి ఉంది: రైతు పేరు, ఊరు, మోటారు హెచ్‌పీ, ఏమైంది. అందులో ఇంకో గడి గీశాను, 'మన గురించి ఎట్ట తెలిసింది' అని.

"ఇదెందుకు పాపా, వచ్చేదంతా తెలిసినోళ్లే గదా" అన్నాడు మామ.

"ఆ సంగతే ముందు కాగితం మీద చూద్దాం మామా. రేపు ఫోను చూసి వచ్చేవాళ్లు పెరిగారా లేదా తెలియాలంటే, ఇవ్వాళ ఎంతమంది ఉండారో రాసి పెట్టుకోవాలి గదా" అన్నాను.

సరేనన్నాడు. ఆ గడి నింపే బాధ్యత షాపులో సీనియర్ కుర్రాడికి అప్పగించాను. ఇకపై నేను చేసే ప్రతి పనికీ మార్కులు వేసేది ఆ పుస్తకమే.

జూలై, మొదటి వారం

మోటారు తెచ్చిన రైతులందరినీ ఒకటే అడుగుతున్నాను: "అన్నా, ఈ షాపు తెలియదనుకో. ఫోనులో ఏమని వెతుకుతావు?" టైపు చేసేవాళ్లు తక్కువ. ఎక్కువమంది మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. "దగ్గర్లో మోటర్ వైండింగ్ షాపు", "ఏరియేటర్ మోటర్ కాలిపోయింది యాడ చేస్తారు", "త్రీ ఫేజ్ మోటర్ రిపేర్". ఒకాయన చెప్పింది నాకు బాగా పనికొచ్చింది. ఆయన షాపు కోసం వెతకడు. ముందు యూట్యూబ్‌లో 'మోటర్ గుయ్ మంటుంది తిరగడం లేదు' అని వెతుకుతాడట. తనే బాగు చేసుకోగలనేమో చూసుకుని, కాదనుకున్నాక షాపు సంగతి ఆలోచిస్తాడు. అంటే ఇందులో రెండు దారులున్నాయి. కాలిందని తెలిసినవాడు మ్యాపులో వెతుకుతాడు. ఏమైందో తెలియనివాడు వీడియో వెతుకుతాడు. రెండు చోట్లా మనం ఉండాలి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే మ్యాపులో షాపు వివరాలు కనబడే పేజీ, పని మొదలుపెట్టాను. పాత గుర్తును మన పేరు మీదికి తెచ్చుకోవడానికి వీడియోతో రుజువు చూపించమంది. మధ్యలో ఆపకుండా, కత్తిరించకుండా ఒకే వీడియో తియ్యాలి. రోడ్డు, పక్క షాపులు, మన బోర్డు కనబడాలి, లోపల పనిముట్లు కనబడాలి, ఈ షాపు మనదే అనడానికి గుర్తుగా తాళం తీసి షట్టరు ఎత్తడంలాంటిది కనబడాలి. మామ తాళం తీస్తుంటే నేను రోడ్డు మీదనుంచి తీసుకుంటూ లోపలికి వెళ్లాను. వైండింగ్ మిషన్, గోడకు వేలాడే రాగి తీగ చుట్టలు, మెగ్గర్ (వైండింగ్‌లో కరెంటు లీకు ఉందేమో చూసే మీటరు), వార్నిష్ డబ్బా, కరెంటు బిల్లు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపించాను. కొద్ది రోజుల్లో ఆమోదం వచ్చింది. ముందుగా చేసిన పని గుర్తును పొలంలోంచి లేపి షాపు గుమ్మం మీద పెట్టడం.

పేరు దగ్గర చర్చ నడిచింది. మామ స్నేహితుడొకాయన 'పేరులోనే ఏరియేటర్, వైండింగ్, జనరేటర్, నెల్లూరు అని అన్నీ కలిపెయ్యండి, పైన వస్తుంది' అన్నాడు. కొందరు అలా చేస్తున్నారు, నిజమే. కానీ బోర్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్లో అదే పెట్టాలన్నది గూగుల్ నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలే ఆపేసే ప్రమాదముంది. ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరును అలా పణం పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ మాటలన్నీ పెట్టుకోవడానికి వేరే చోట్లున్నాయి. ముఖ్యమైన కేటగిరీ 'ఎలక్ట్రిక్ మోటార్ రిపేర్ షాప్' అని ఎంచుకున్నాను. ఇంతకుముందు ఆ గుర్తు పెట్టినవాళ్లు 'ఎలక్ట్రికల్ స్టోర్' అని పెట్టి వదిలేశారు. సర్వీసుల జాబితాలో ఏరియేటర్ మోటార్ రీవైండింగ్, గేర్ బాక్స్ ఆయిల్ సీల్ మార్చడం, బోరు మోటార్ రీవైండింగ్ అని విడివిడిగా, రైతులు అనే మాటల్లోనే రాశాను.

దగ్గర్లో ఏముందని వెతికినప్పుడు గూగుల్ చూసేవి ముఖ్యంగా మూడు: అడిగినదానికి సంబంధం ఉందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్న షాపు. దూరం మన చేతిలో లేదు. కానీ గంగపట్నం గట్టు మీద నిలబడినవాడికి టౌను కన్నా ఇందుకూరుపేటే దగ్గర. అది మనకు కలిసొచ్చేదే. సంబంధం అనేది కేటగిరీతో, సర్వీసులతో సరిచేశాం. మూడోదానికి కాలం పడుతుంది.

జూలై, మూడో వారం

టైమింగ్స్. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

పగలు గుంటలో నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు వాలాక అది ఆగిపోతుంది. రొయ్య, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. అందుకే డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అన్నింటికన్నా తగ్గేది తెల్లవారుజామునే. నాలుగు పీపీఎం కంటే దిగితే రొయ్యకు కష్టం మొదలవుతుంది, ఇంకా దిగితే పైకి తేలుతుంది. అంటే ఏరియేటర్ పగలు ఆగితే రైతుకు టెన్షన్, రాత్రి ఆగితే పంటే పోవచ్చు. మామ షాపుకు నిజంగా అవసరం పడే వేళ రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా. ఆ వేళకు మ్యాపులో మనం 'మూసి ఉంది' అని ఎర్రక్షరాల్లో కనబడుతున్నాం.

ఇంకో సంగతి కూడా ఉంది. 2023 చివరినుంచి, వెతికే సమయానికి షాపు తెరిచి ఉందా లేదా అన్నదానికి గూగుల్ ఎక్కువ విలువ ఇస్తోంది. పేరు పెట్టి కాకుండా 'దగ్గర్లో మోటార్ రిపేర్' అని వెతికితే, తెరిచి ఉన్నవాటిని ముందుకు తెస్తుంది. ఇది తెలిసి చాలామంది '24 గంటలు' అని పెట్టేసుకుంటున్నారు. రాత్రి ఫోను చేస్తే ఎత్తరు.

"మనం గూడా పెట్టేద్దామా?" అన్నాడు మామ.

"రాత్రి ఫోను ఎత్తుతావా మామా? పెట్టాక ఎత్తకపోతే, రొయ్య తేలుతుండగా మన నంబరు నొక్కినోడు మళ్లీ జన్మలో నొక్కడు. నలుగురికి చెప్తాడు."

మామ చాలాసేపు మాట్లాడలేదు. అత్తే లోపల్నుంచి వచ్చి, "పెట్టేది పెట్టండి, రోజూ ఆయనే మేలుకుంటే ఆరోగ్యం యాడుంటాది, వంతులేసుకోండి" అంది. సీనియర్ కుర్రాడి ఇల్లు షాపు వెనక వీధిలోనే. అతనితో మాట్లాడి రాత్రి వంతుకు విడిగా డబ్బులిచ్చేట్టు ఒప్పందం చేశాం. రాత్రి పూట రీవైండింగ్ చెయ్యలేం, దానికి టైము పడుతుంది. కానీ సిద్ధంగా ఉంచిన స్పేర్ మోటారు ఇచ్చి, కాలినది తీసుకుని, బాగుచేశాక మార్చుకోవచ్చు. మామ ఒక హెచ్‌పీవి, రెండు హెచ్‌పీవి కొన్ని పాతవి కొని, కొత్త వైండింగ్ కట్టి, అరలో వరసగా పెట్టాడు.

ఆ మోటార్లు అరలోకి వచ్చాక, రాత్రి వంతు మొదలయ్యాక, అప్పుడే 24 గంటలు అని పెట్టాను. అంతవరకు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది అనే ఉంచాను. ఆన్‌లైన్‌లో కనబడే పని అంటారు గానీ, ఇందులో బటన్ నొక్కింది ఒక్క నిమిషం. మిగతాదంతా షాపులో మార్చుకోవాల్సిందే.

జూలై, ఆఖరి వారం

ఫోటోలు పెట్టాను. బోర్డు, గుమ్మం, రోడ్డు మీదనుంచి ఎలా కనబడుతుందో, కాలిన స్టేటర్ (మోటారులో తీగ చుట్టలుండే, తిరగని భాగం), కొత్తగా కట్టిన స్టేటర్. ఎక్కడినుంచో తెచ్చిన అందమైన బొమ్మలు ఒక్కటి కూడా పెట్టలేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రొఫెషనల్ ఖాతా తెరిచాను. ఈ జూలై 10 నుంచి అలాంటి ఖాతాల పబ్లిక్ పోస్టులు, రీల్స్ గూగుల్ వెతుకులాటలోకి కూడా వస్తున్నాయి. కాబట్టి ఉండటం మంచిదే. మన రైతులు అక్కడ ఎక్కువ లేరు, వాళ్ల పిల్లలున్నారు. యూట్యూబ్‌కు చేసినవే అక్కడా వేస్తాను, అంతకుమించి దానికి టైము పెట్టను.

ఆగస్టు

మొదటి వీడియో. మామను కెమెరా ముందు నిలబెట్టి మాట్లాడమంటే బిగుసుకుపోతాడు. అందుకని మొహం వదిలేసి చేతులు మాత్రమే తీశాను. మోటారు విప్పుతూ ఉంటే మాటలు వాటంతటవే వచ్చాయి.

కాలిన మోటారు మూత తీస్తే ముందు వాసన వస్తుంది. స్టేటర్‌లో తీగ చుట్టలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఈ మోటారుకు కరెంటు మూడు తీగల్లో వస్తుంది, ఒక్కోదాన్ని ఫేజు అంటారు. ఇందులో చుట్టలన్నీ నల్లబడలేదు. రెండు నల్లగా, ఒకటి ఎర్రగా మెరుస్తూ, మళ్లీ రెండు నల్లగా, ఒకటి ఎర్రగా. మామ స్క్రూ డ్రైవర్ కొసతో ఒక్కోదాన్నీ తాకుతూ చెప్పాడు: "ఇది చూసినావా, రెండు ఫేజులు మాడినాయి, ఒకటి అట్నే ఉంది. మోటరు తప్పు గాదు ఇది. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. ఫ్యూజు పోయిందో, స్టార్టర్లో కాంటాక్టు అరిగిందో, లైన్లో తీగ తెగిందో. ఒక ఫేజు పోయినా మోటరు ఆగదు, గుయ్ మని అరుస్తా మిగిలిన రెండింటి మీద లోడు లాగుతాది. అట్ట లాగి లాగి మాడిపోతాది." స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల చుట్టల కొసలు ఒకచోట కలిపిన) మోటారులో ఒక ఫేజు పోతే పడే గుర్తు సరిగ్గా ఇదే. అన్ని చుట్టలూ ఒకేలా నల్లబడితే అది ఓవర్‌లోడు సంగతి. గేరు పట్టేసినా, రెక్కలకు నాచు చుట్టుకున్నా అలా అవుతుంది.

తర్వాత పాత తీగ ఎలా కోస్తారు, ఎన్ని చుట్లు ఉన్నాయో, ఏ గేజు (మందం) తీగో ముందు ఎందుకు లెక్క రాసుకోవాలి, స్లాట్ పేపర్ (తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే కాగితం) ఎందుకు, వార్నిష్ పోసి ఎందుకు ఆరబెట్టాలి అన్నీ చూపించాం. చుట్లు తగ్గించి కట్టినా, గేజు సన్నంది వేసినా ఆ రోజు తిరుగుతుంది, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది.

టైటిల్ 'ఏరియేటర్ మోటార్ గుయ్ మంటుంది, తిరగడం లేదు: ఎందుకు కాలుతుంది' అని తెలుగులోనే పెట్టి, వివరణలో ఇంగ్లీషు అక్షరాల్లో కూడా అవే మాటలు రాశాను. మూడు నిమిషాల లోపు ముక్క ఒకటి షార్ట్‌గా వేశాను. 2024 అక్టోబర్ నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఉండొచ్చు కాబట్టి ఆ రెండు నల్ల చుట్టలు, ఒక ఎర్ర చుట్ట సంగతి పూర్తిగా పట్టింది.

షార్ట్‌కు చూపులు (వ్యూస్) గబగబా పెరిగాయి. మామ పొంగిపోయాడు. నేను మాత్రం లోపలి లెక్కలు తీసి చూపించాను. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు ఒక చూపు కింద లెక్కవేస్తున్నారు, వేలు జరిపి వెళ్లిపోయినా సరే. నిలబడి చూసినవాళ్ల లెక్క విడిగా ఉంటుంది, అది చాలా తక్కువ. ఊళ్లవారీగా చూస్తే హైదరాబాదు, గోదావరి జిల్లాలు, తెలంగాణలో బోర్లున్న ఊళ్లు. భీమవరం వైపునుంచి ఫోన్లు కూడా వచ్చాయి, మోటారు లారీలో పంపమంటారా అని. మామ వాళ్లకు దగ్గర్లో ఏం చూసుకోవాలో చెప్పి పెట్టేశాడు. ఆ ఫోన్లు షాపుకు రూపాయి తెచ్చేవి కావు, టైము మాత్రం తీసుకున్నాయి.

పెద్ద వీడియో సంగతి వేరు. దాన్ని చూసినవాళ్లు కొద్దిమందే. కానీ అందులో చాలామంది యూట్యూబ్‌లో వెతుక్కుని వచ్చినవాళ్లు. పుస్తకంలో 'వీడియో చూసి' అని మొదటిసారి రాసింది ముత్తుకూరు వైపు రైతు పేరు ఎదురుగా. ఆయన వచ్చి అడిగింది ఒక్కటే: "ఆ నల్ల చుట్టలు చూపించినోళ్లు మీరేనా? మాదీ అట్నే అయింది."

ఆగస్టు, ఆఖరి వారం

అమెరికా సుంకాల వార్త గుంటల మీద పిడుగులా పడింది. మన రొయ్య ఎక్కువగా పోయేది అక్కడికే. ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి మరో 25 శాతం, మొత్తం 50. దీనికి పాత డ్యూటీలు అదనం. షాపుకు వచ్చిన ప్రతి రైతు నోటా కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ధరల మాటే. కొందరు ఈసారి సీడ్ (రొయ్యపిల్లలు) వెయ్యడమే మానుకున్నారు. కొత్త ఏరియేటర్ కొనే ఆలోచన ఎవరికీ లేదు, ఉన్నదాన్నే లాక్కురావాలి.

ఇలాంటప్పుడు ఆన్‌లైన్‌లో ఏం మాట్లాడాలి? ఆఫర్లు పెట్టడం నాకు నచ్చలేదు. మోటారు కాలకుండా ఏం చెయ్యాలో వీడియో చేద్దామన్నాను. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం) పెట్టుకోవడం, స్టార్టర్ కాంటాక్టులు నెలకోసారి చూసుకోవడం, రెక్కల నాచు తియ్యడం, గేర్ బాక్స్ ఆయిల్ మజ్జిగలాగా తెల్లబడితే ఉప్పునీళ్లు లోపలికి పోయినట్టు, వెంటనే సీలు మార్చాలని చెప్పడం.

సీనియర్ కుర్రాడు అడిగాడు: "అన్నీ మనమే చెప్పేస్తే మన దగ్గరికెవరు వస్తారక్కా?" న్యాయమైన ప్రశ్నే. మామే జవాబు చెప్పాడు. "ఉప్పుగాలిలో తిరిగే మోటరు ఎన్ని జాగర్తలు చేసినా ఎప్పుడో ఒకప్పుడు మన కాడికి రావాల్సిందే. అప్పటిదాకా రైతు బతికి ఉండాల గదా." ఆ వీడియో చేశాం. షాపు చేసిన అన్ని వీడియోల్లో వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ తిరిగింది అదే. రైతుల గ్రూపుల్లోకి మనం ఒక్క లింకు కూడా పంపలేదు, వాళ్లే పంపుకున్నారు.

సెప్టెంబర్

రివ్యూలు. మోటారు తీసుకెళ్లేటప్పుడు క్యూఆర్ కార్డు చూపించి అడుగుతున్నాం. బాగుందన్నవాళ్లనే కాదు, అందరినీ అడగాలన్నది నియమం. రివ్యూ రాస్తే డబ్బులు తగ్గిస్తామనడం కూడా గూగుల్ ఒప్పుకోదు. మామకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన మొహమాటమంతా అడగడం దగ్గరే.

రైతులు రాసేది 'గుడ్' అనో, చుక్కలు మాత్రమేనో. అవి మంచివే గానీ చదివే ఇంకో రైతుకు ఏమీ చెప్పవు. అందుకని అడిగే తీరు మార్చాం. "అన్నా, ఏ ఊరునించి తెచ్చినారు, ఏం మోటరు, ఎన్ని రోజులకు ఇచ్చినామో మైకులో చెప్పండి చాలు." ఇప్పుడు 'గంగపట్నం నుంచి రెండు హెచ్‌పీ ఏరియేటర్ మోటర్ తెచ్చాను, మర్నాడు సాయంత్రానికి ఇచ్చారు' లాంటివి వస్తున్నాయి. అలాంటి రివ్యూ ఒక్కటి పది 'గుడ్'ల పెట్టు.

ఒక రివ్యూ ఒక్క చుక్కతో వచ్చింది: 'రేపు ఇస్తామని చెప్పి ఇంకో రెండు రోజులు తిప్పారు.' పుస్తకం తీసి చూస్తే నిజమే, ఆ గేజు రాగి తీగ అయిపోయి నెల్లూరునుంచి రావడం ఆలస్యమైంది. మామ చెప్పింది చెప్పినట్టు జవాబు రాశాను: తీగ రాలేదు, ఆ సంగతి ముందే ఫోను చేసి చెప్పాల్సింది, ఈసారినుంచి చెబుతాం. ఆ రోజునుంచి ఎక్కువగా పోయే గేజులు ఒక చుట్ట అదనంగా ఉంటున్నాయి. ఆలస్యమైతే పొద్దునే ఫోను వెళ్తోంది.

వాట్సాప్ బిజినెస్ కూడా ఈ నెలే సర్దాను. మెసేజ్ రాగానే వెళ్లే జవాబులో మూడే అడుగుతాం: మోటారు నేమ్ ప్లేట్ ఫోటో, ఏమైందో ఒక వాయిస్, ఊరి పేరు. ప్లేట్ మీద హెచ్‌పీ, ఆంప్స్, ఆర్‌పీఎం కనబడితే స్పేరు ఉందో లేదో రైతు బండి తియ్యకముందే చెప్పేయొచ్చు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, ఒక లిస్టులో 256 మందే పడతారు. కాబట్టి మోటారు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించడం కుర్రాళ్ల పనిలో భాగం చేశాం.

స్టిక్కర్ సంగతి రాయాలి. మోటారు మీద నంబరు స్టిక్కర్ అంటిస్తే ఉప్పుగాలికి, ఎండకు కొన్నాళ్లకే రాలిపోతోంది. ఇప్పుడు చిన్న స్టీలు రేకు మీద ఫోను నంబరు, వైండింగ్ కట్టిన తేదీ గుద్ది టెర్మినల్ బాక్సు మూతకు రివెట్ చేస్తున్నాం. క్యూఆర్ స్టిక్కర్ మాత్రం స్టార్టర్ డబ్బా మూత లోపలివైపు అంటిస్తున్నాం, అక్కడ తడవదు. మోటారు ఆగితే కాపలా కుర్రాడు ముందు తెరిచేది ఆ డబ్బానే.

అక్టోబర్, మొదటి సగం

ప్రొఫైల్లో ఏ మాటలకు కనబడ్డామో నెలనెలా చూపిస్తుంది. తక్కువగా వచ్చిన మాటలకు అంకె చెప్పదు, '15 కంటే తక్కువ' అని వదిలేస్తుంది. మన ఊళ్లలో సగం మాటలు ఆ లెక్కలోకే వస్తాయి. అయినా పైనున్నవి చూస్తే దిశ తెలుస్తోంది. మొదట్లో షాపు పేరుతో వెతికినవాళ్లే కనబడేవారు. ఇప్పుడు 'మోటార్ వైండింగ్', 'మోటార్ రిపేర్ దగ్గర్లో' లాంటివి ముందుకొచ్చాయి. అంటే పేరు తెలియనివాళ్లకు కనబడుతున్నాం.

వెబ్‌సైటు కావాలా అని మామ అడిగాడు. గూగుల్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చే చిన్న సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి, కాబట్టి మనమే కట్టుకోవాలి. ఒక్క పేజీ చేశాను, అంతా తెలుగులో: ఏం చేస్తాం, రాత్రి స్పేరు ఎలా ఇస్తాం, ఏ ఊళ్లకు వస్తాం, ఫోను, దారి. ఒకాయన ఊరికో పేజీ పెట్టమని సలహా ఇచ్చాడు. ఒకే రాతలో ఊరి పేరు మాత్రం మార్చి ఇరవై పేజీలు పెట్టడాన్ని గూగుల్ స్పామ్ కిందే చూస్తుంది. రైతుకు కూడా అందులో ఒరిగేదేమీ లేదు.

అక్టోబర్ 26 నుంచి 30

మొంథా తుపాను వస్తోందని ముందే తెలిసింది. 26న ప్రొఫైల్లో, వాట్సాప్ స్టేటస్‌లో ఒకే మాట పెట్టాను: జనరేటర్ ఈరోజే ఒకసారి నడిపి చూసుకోండి, స్టార్టర్ డబ్బాలు తడవకుండా కప్పండి, అనుమానమున్న మోటారు ఇప్పుడే తెండి, రాత్రి ఫోను ఎత్తుతాం. ఆ సాయంత్రమే మోటార్లు రావడం మొదలైంది.

తుపాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది గానీ మన జిల్లాలో వాన అంతకుముందే పట్టుకుంది. మబ్బు పట్టి ఎండ లేకపోతే పగలు కూడా నాచు సరిపడా ఆక్సిజన్ ఇవ్వదు, ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. కరెంటు వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడు ఒక్కోసారి రెండు ఫేజులే. మోటార్లు కాలడానికి ఇంతకుమించిన వాతావరణం లేదు.

27 రాత్రి వంతు మామది. ఫోను మోగుతూనే ఉంది. ఒకటిన్నర ప్రాంతంలో వచ్చిన పిలుపు నేను పక్కనుండి విన్నాను. అవతల కుర్రాడు తెలుగు సరిగా రానివాడు, గట్టు మీద ఒక్కడే ఉన్నాడు, యజమాని ఊళ్లో లేడు. డబ్బా మూత లోపల స్టిక్కర్ చూసి చేశాడు. మామ ఓపిగ్గా అడిగాడు: ఎన్ని తిరుగుతుండాయి, ఏది అరుస్తాంది. అరుస్తున్నదాన్ని ముందు ఆపించాడు. మిగిలినవాటిని ఎటువైపు తిరగనివ్వాలో చెప్పాడు. మేత ఆపమన్నాడు. సీనియర్ కుర్రాడు స్పేరు మోటారు బండి మీద వేసుకుని వానలో బయలుదేరాడు. మ్యాపులో దారి చూసుకుందామంటే గుంటలకు అడ్రసు ఉండదు. అవతలి కుర్రాడు వాట్సాప్‌లో లొకేషన్ పంపాడు, అది చూసుకుంటూ వెళ్లాడు. రొయ్య నిలబడింది.

తర్వాత చాలాసేపు సిగ్నల్ కూడా పోయింది. అప్పుడు ఆన్‌లైన్ ఏదీ పని చెయ్యలేదు. రేకు మీద నంబరు చూసి, సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి చేసినవాళ్లున్నారు. అరలో స్పేర్లన్నీ అయిపోయాక ఫోను చేసినవాళ్లకు 'లేవు' అని చెప్పడం మామకు చాలా కష్టంగా ఉంది. రెండిళ్ల అవతల ఇంకో మెకానిక్ నంబరు కూడా రాసి పెట్టుకున్నాం, మన దగ్గర లేకపోతే ఆయన దగ్గరికి పంపాం.

నవంబర్

వాన తెరిపిచ్చాక పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. 'ఎట్ట తెలిసింది' గడిలో ఇప్పటికీ ఎక్కువ ఉన్నది 'ఇంకో రైతు చెప్పాడు' అన్నదే. దాని తర్వాత 'ఫోనులో మ్యాపు'. జూన్‌లో ఆ మాట ఒక్కసారి కూడా లేదు. కొత్త రైతుల్లో దాదాపు ముగ్గురికొకరు అలాగే వచ్చారు. 'వీడియో చూసి' అన్నవాళ్లు తక్కువే, కానీ వాళ్లు వచ్చేసరికే మామ మీద నమ్మకంతో వస్తున్నారు, ధర దగ్గర బేరం ఉండటం లేదు. ఇన్‌స్టాగ్రామ్ అని ఎవరూ చెప్పలేదు. లక్షల చూపులున్న షార్ట్‌ల కన్నా సరిగ్గా పెట్టిన మ్యాపు గుర్తు, రాత్రి ఎత్తిన ఫోను షాపుకు ఎక్కువ తెచ్చాయని ఇప్పుడు కాగితం మీద ఉంది.

షాపులో పని కూడా పెరిగింది. బాగుచెయ్యాల్సిన మోటార్లు గుమ్మం దాకా ఉన్నాయి. ఇంకా ఎక్కువమందికి కనబడేలా చెయ్యడం ఇప్పుడు తప్పు. చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతే సెప్టెంబర్‌లో వచ్చిన లాంటి రివ్యూలే మళ్లీ వస్తాయి. వైండింగ్ తెలిసిన మరో కుర్రాణ్ణి తీసుకున్నారు. అతను చెయ్యి కుదురుకునేదాకా కొత్త వీడియోలు ఆపేశాను.

ఇక వచ్చే పనులు. చలికాలంలో గుంటలు ఎండబెట్టే వేళ మోటార్లు ఖాళీగా ఉంటాయి, సర్వీసుకు తెమ్మని అప్పుడు పోస్టు పెట్టాలి. సీజన్‌లో పడే ఒత్తిడి కొంత అప్పుడే తీరుతుంది. గేర్ బాక్స్ సీళ్ల సైజులు వాట్సాప్ కేటలాగ్‌లో ఫోటోలతో చేర్చాలి. పండగ సెలవుల టైమింగ్స్ ముందే మార్చాలి. రివ్యూలకు జవాబివ్వడం, వాట్సాప్ చూడటం సీనియర్ కుర్రాడికి నేర్పిస్తున్నాను. నిన్న తనంతట తానే మొదటి జవాబు రాశాడు, అక్షరదోషం ఒకటి ఉంటే దిద్దాను, మిగతాదంతా మామ మాట్లాడినట్టే ఉంది. జనవరికల్లా ప్రొఫైల్ పూర్తిగా అతని చేతికి ఇచ్చేస్తాను.